మజూరీ ఎవరిది? తొలినాటి మహిళా ప్రసంగాలు అడిగిన ప్రశ్న

నేత ఇళ్లలో పుట్టినవాళ్లం కాబట్టి ఒక సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మగ్గం మీద కూర్చునేది ఒక్కరే అయినా చీర దిగేది ఇంటిల్లిపాది చేతుల మీదుగానే. కండెలు చుట్టడం, ఆసు పోయడం, అచ్చు అతకడం వంటి పనులు చాలా ఇళ్లలో ఆడవాళ్లవే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పని చేసే 35 లక్షల పైచిలుకు మందిలో 25 లక్షలకు పైగా స్త్రీలే. అయినా మజూరీ పుస్తకంలో పేరు ఎక్కువగా మగవాడిదే. ఇలాంటి లెక్కనే నూట డెబ్భై ఏళ్ల కిందట అమెరికాలో కొందరు ఆడవాళ్లు సభలో లేచి నిలదీశారు. వాళ్లు ఏం అడిగారన్నదే కాదు, ఎలా అడిగారన్నది కూడా మనం తెలుసుకోవాల్సిన చరిత్రే.

1848 జులై 19, 20 తేదీల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ అనే చిన్న ఊళ్లో, ఒక ప్రార్థనా మందిరంలో సభ జరిగింది. సుమారు 300 మంది వచ్చారు. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అక్కడ ఒక ప్రకటన చదివింది. ఆమె కొత్త మాటలు వెతుక్కోలేదు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటననే తీసుకుంది. మనుషులంతా సమానంగా పుట్టారని చెప్పే చోట అందులో మగవాళ్లను సూచించే మాట ఒక్కటే ఉండేది. దాని పక్కన ఆమె స్త్రీలను చేర్చింది. పాత ప్రకటనలో ఇంగ్లండు రాజు చేసిన అన్యాయాలు ఒక్కొక్కటీ 'అతడు' అంటూ మొదలవుతాయి. ఈమె జాబితా కూడా అలాగే మొదలవుతుంది, కాకపోతే ఇక్కడ 'అతడు' అంటే రాజు కాదు, మగవాడు. స్త్రీకి ఓటు లేకుండా చేశాడు, ఆస్తి లేకుండా చేశాడు, చివరికి ఆమె సంపాదించిన కూలి కూడా తనదే చేసుకున్నాడు అని వరసగా చదువుతూ పోయింది.

వింటున్నవాళ్లకు ఆ పాత మాటలు కంఠతా వచ్చు. వాటిని కాదనాలంటే తమ స్వాతంత్ర్యాన్నే కాదనాలి. ఎదుటివాడు చేతులెత్తి మొక్కే మాటనే అతని ముందు పెట్టి 'ఇందులో మేము ఉన్నామా, లేమా?' అని అడగడం వాళ్ల యుక్తి. అయినా అన్నీ సులువుగా ఒప్పుకోలేదు. ఓటు హక్కు తీర్మానం దగ్గర సభ తటపటాయించింది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ లేచి గట్టిగా మాట్లాడాకే అది గట్టెక్కింది. చివరికి 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు ప్రకటన మీద సంతకాలు చేశారు.

ఆ సంతకాల్లో షార్లెట్ వుడ్‌వర్డ్‌ది ఒకటి. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఇంటి దగ్గర కూర్చుని చేతి తొడుగులు కుట్టి, ఆ కూలి డబ్బుల మీద ఆధారపడిన పిల్ల. నూలు తెచ్చుకుని ఇంట్లోనే నేసి మజూరీ తీసుకునే మన పద్ధతికి దగ్గరి పని. గంటల తరబడి కుట్టినా ఆ కాస్త డబ్బు తనది కాలేదన్న మంటే తనను ఆ సభకు నడిపించిందని ఆమె తర్వాత చెప్పుకుంది. పెళ్లయిన స్త్రీ సంపాదన ఆమెదేనని న్యూయార్క్ చట్టం ఒప్పుకున్నది 1860లో. దేశమంతటా స్త్రీలకు ఓటు వచ్చింది 1920లో. సంతకాలు చేసినవాళ్లలో ఆనాటికి బతికి ఉన్నది షార్లెట్ ఒక్కతే.

ఇంకో రకం ప్రసంగం 1851 మే నెలలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ సభలో వినిపించింది. మాట్లాడినామె సోజర్నర్ ట్రూత్. బానిసగా పుట్టింది, చదవడం రాయడం రాదు. ఆమె ఏ ప్రకటననూ ఎత్తుకోలేదు, తన ఒంటి కష్టాన్నే సాక్ష్యంగా పెట్టింది. దున్నాను, కోశాను, నరికాను, మగవాడికి తీసిపోకుండా చేశాను అంది. ఆడదానికి తెలివి తక్కువనే వాదానికి కొలపాత్రతో జవాబు చెప్పింది. మన కొలతల్లో అయితే ఇలా ఉంటుంది: నీకు తవ్వెడు, నాకు సోలెడు అనుకుందాం, మరి నా సోలనైనా నిండా నింపుకోనివ్వవేం? ఈ మాట వంటింట్లో ఉన్నవాళ్లకూ పొలంలో ఉన్నవాళ్లకూ ఒక్కలాగే తగులుతుంది.

ఆ ప్రసంగం మనదాకా వచ్చిన తీరు కూడా గమనించాలి. సభ జరిగిన కొద్ది వారాలకే ఒక పత్రిక దాన్ని అచ్చువేసింది. 'నేను ఆడదాన్ని కానా?' అని పదే పదే అడిగే, లోకమంతా ఎరిగిన రూపం మాత్రం పన్నెండేళ్ల తర్వాత, 1863లో, వేరొకరు రాసింది. అందులో ఆమె చేత దక్షిణాది యాస పలికించారు. నిజానికి ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో, చిన్ననాట నేర్చింది డచ్ భాష. రాసుకునే వీలు లేనివాళ్ల మాటకు రూపం ఇచ్చేది రాసేవాళ్లే అని దీన్నిబట్టి తెలుస్తుంది.

సెనెకా ఫాల్స్ యుక్తి సరిగ్గా నూరేళ్లకు మన దేశపు స్త్రీ చేతిలో మళ్లీ పనిచేసింది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తయారవుతున్నప్పుడు మొదటి అధికరణంలో మగవాళ్లందరూ అనే అర్థం వచ్చే మాట ఉంది. భారత ప్రతినిధి హంసా మెహతా అది కుదరదని పట్టుబట్టింది. 1948 డిసెంబర్ 10న ఆమోదం పొందిన ప్రకటనలో 'మానవులందరూ' అని ఉంది. ఒక్క మాట మారితే లెక్కలోకి వచ్చేది సగం లోకం.

షోలాపూర్‌లో బీడీలు చుట్టినా, సేలంలో కండెలు చుట్టినా, బరంపురంలో పట్టు నేసినా మన ఆడవాళ్ల పని మన కళ్ల ముందే ఉంది. పుస్తకాల్లోకి రావడమే మిగిలింది. ఈ వార్షికోత్సవం వేళ మన సంఘాల సభ్యత్వ పుస్తకాలు ఒకసారి తెరిచి, పని చేసే ప్రతి ఆడమనిషి పేరూ అందులో ఉందేమో చూద్దాం. లేకపోతే రాద్దాం. వచ్చే ఏటి సంచికకు మన అమ్మలూ అత్తలూ చెప్పే మాటల్ని వాళ్ల యాస మార్చకుండా, వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసి పెడదాం.