కంటిచూపును హరించు దూరపు రోగము

మన బెంగుళూరునందు నేత్రవైద్యము చిక్కపేటలో మొదలయ్యెను. 1896లో అచట వెలసిన చిన్న వైద్యశాలయే 1913లో కొత్త భవనమునకు మారి మింటో ఆసుపత్రి యైనది. తమ తాతలు శుక్లములు తీయించుకొన్నది అచటనే యని చెప్పుకొను తెలుగు కుటుంబములు నేటికిని గలవు. రాచకురుపని పెద్దలు పిలిచిన క్యాన్సరునకై కిద్వాయి సంస్థ 1973లో హోసూరు రోడ్డున ఏర్పడెను. కంటికొక ఆసుపత్రి, క్యాన్సరునకొక ఆసుపత్రి. ఈ రెండు వ్యాధులును ఒకే మనిషిలో ఎట్లు ముడిపడునో వైద్యలోకము గ్రహించి ఎంతో కాలము కాలేదు.

1976లో సాయర్, సెల్‌హార్స్ట్, జిమ్మర్‌మన్, హాయ్ట్ అను నలుగురు వైద్యులు అమెరికాలో ఒక వింతను ప్రకటించిరి. క్యాన్సరు కంటికి ప్రాకకున్నను, కంటి వెనుకనున్న రెటీనా పొరలో వెలుతురును గ్రహించు కణములు నశించుచున్నవి! కారణము పిమ్మట తేలెను. రికవరిన్ అను మాంసకృత్తు సహజముగా ఆ కణములలోనిది. కొన్ని క్యాన్సరు కణములు, ముఖ్యముగా ఊపిరితిత్తులలోనివి, దానిని తామును తయారుచేయును. దేహము దానిని శత్రువుగా నెంచి యాంటీబాడీలను పుట్టించును. అవి రక్తముతో కంటికి చేరి, దొంగను పట్టబోయి ఇంటివానిని కొట్టినట్లు, రెటీనాపై పడును. 1988లో బెర్సన్, లెస్సెల్ అనువారు మెలనోమా అను చర్మపు క్యాన్సరుతో వచ్చిన రేచీకటిని వర్ణించిరి. రేచీకటి యనగానే ఆకుకూరలు తినుమనుటయే మన యిండ్ల వాడుక గదా!

వృద్ధులకు చూపు తగ్గినచో "వయసు మీద పడినది" అని ఊరకుందుము. తరచుగా అది శుక్లమే. దానికి భయపడ నక్కరలేదు. శుక్లము ఏండ్ల తరబడి ముదురును. ఈ అరుదైన వ్యాధి మాత్రము వారములలో, నెలలలో రెండు కన్నులను మసకబార్చును. కన్నుల ముందు మెరుపులాడును, వెలుతురు సహింపదు, చీకటిలో దారి తోచదు. తొలినాళ్లలో వైద్యుడు కంటిలోనికి చూచినను అంతయు బాగుగనే కనబడవచ్చును. రెటీనా విద్యుత్ స్పందనను కొలుచు పరీక్ష లోపమును బయటపెట్టును. క్యాన్సరు జాడ తెలియుటకు నెలలకు ముందే చూపు తగ్గిన సందర్భములు గలవు. పొగత్రాగు అలవాటున్న పెద్దల యెడల ఈ సంగతి మరువరాదని మాకు తోచును.

చికిత్స ప్రస్తావనలో మనవాడొకడు తగులును. 1895లో భీమవరమున పుట్టి 1948లో న్యూయార్కున కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో మెథోట్రెక్సేట్ రూపొందెను. క్యాన్సరునకు వాడిన ఆ మందు దేహరక్షణశక్తి యొక్క ఉద్రేకమును తగ్గించునని తెలిసి, నేడు కంటిలోపలి వాపులకును వాడబడుచున్నది. ఈ వ్యాధికి స్టెరాయిడ్లను, రక్షణశక్తిని అణచు మందులను వైద్యులు ప్రయత్నింతురు. నశించిన కణములు మరల పుట్టవు. మిగిలిన చూపును నిలుపుటయే వారి యత్నము.