లారీ ఇంజనులోని ఏతము

ఖమ్మం పట్టణమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున వైరా ఉన్నది. ఆ పేరు వినగానే 1930లో పూర్తియైన జలాశయము జ్ఞప్తికి వచ్చును. అయితే వైరా రహదారుల కూడలి కూడ. ఖమ్మం, మధిర, కొత్తగూడెం వైపులకు పోవు బాటలు అచట కలియును. ధాన్యము, బొగ్గు, కర్ర మోయు లారీలు ఆ బాటలపై రేయింబవళ్లు తిరుగుచుండును.

ఈ లారీలలో ఏ ఇంజనును చూచినను దాని నెత్తిన ఒక మూత కనబడును. మెకానిక్కులు దీనిని ట్యాపెట్ కవరు అందురు. మూత విప్పినచో లోపల వరుసగా చిన్న ఉక్కు చేతులు ఉండును. ఇవి రాకర్లు. ఇవి అరిగినప్పుడు దుకాణములో అనేక రకముల విడిభాగములు దొరకును. చూపునకు అన్నియు ఒకటే. వీనిలో ఏది కొనవలెను? ఈ ప్రశ్నకు జవాబు రాకరు పుట్టుకలోనే ఉన్నది.

మన పల్లెలలో పూర్వము నీరు తోడుటకు ఏతము వాడెడివారు. నడుమ ఆధారముపై నిలిచిన దూలమునకు ఒక కొన దిగగా రెండవ కొన లేచును. రాకరు కూడ ఇట్టిదే. ఇంజనులో క్రింద తిరుగు కామ్ షాఫ్టు ఒక కడ్డీని పైకి నెట్టును. ఆ కడ్డీ రాకరు యొక్క ఒక కొనను ఎత్తగా, రెండవ కొన దిగి వాల్వును తెరచును. ఆధారమునుండి రెండు కొనల దూరములు సమానముగా ఉండనక్కరలేదు. వాల్వు వైపు చేయి ఒకటిన్నర రెట్లు పొడవైనచో, కడ్డీ 8 మిల్లీమీటర్లు లేచినప్పుడు వాల్వు 12 మిల్లీమీటర్లు తెరచుకొనును. ఈ నిష్పత్తియే రాకరునకు ప్రాణము.

మోటారు వాహనముల తొలినాళ్లలో పెక్కు ఇంజనులకు రాకర్లు లేవు. వాల్వులు సిలిండరు ప్రక్కనే నిలిచి, కామ్ చేతనే నేరుగా లేచెడివి. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి ఇంజను ఇట్టిదే. అంతకు ముందే, 1904లో, అమెరికాలోని బ్యూక్ కంపెనీ వాల్వులను సిలిండరు నెత్తిన పెట్టి రాకర్లతో నడిపినది. గాలి లోనికి వచ్చు దారి తిన్నగా ఉండుటచే దాని శక్తి పెరిగెను. కాని ఆనాటి రాకర్లు మూత లేక బయట ఉండెడివి. వానికి చేతితో నూనె వేయవలెను. దుమ్ము పడి అవి త్వరగా అరిగెడివి. రాకర్లకు మూత వచ్చినది అందము కొరకు కాదు. నూనెను లోపల, దుమ్మును బయట ఉంచుటకు.

ఈ రెండు పద్ధతులు చాలకాలము పక్కపక్కనే సాగినవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున కెనడాలో తయారైన సైనిక లారీలలో ఫోర్డు ఇంజనులకు ప్రక్క వాల్వులు, షెవ్రొలే ఇంజనులకు పై వాల్వులు ఉండెడివి. యుద్ధానంతరము మిగులు సైనిక లారీలు మన దేశమున ప్రైవేటు వారికి అమ్ముడుపోయినవి.

ఈ పోటీని తేల్చినది డీజిల్ ఇంజను. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో 1897లో దీనిని విజయవంతముగా నడిపి చూపెను. 1924 నాటికి అచట డీజిల్ లారీలు వెలువడెను. ఇందులో స్పార్కు ప్లగ్గు లేదు. లోనికి వచ్చిన గాలిని ఇంచుమించు 16వ వంతు లేక అంతకన్న చిన్న పరిమాణమునకు అదిమినచో, ఆ వేడికే చమురు మండును. వాల్వులు ప్రక్కన ఉన్నచో వాని కొరకు విడిచిన ఖాళీ వలన అంతటి ఒత్తిడి సాధ్యము కాదు. కనుక డీజిల్ లారీలలో వాల్వులు పైకెక్కినవి. వానితో రాకర్లు తప్పనిసరి అయినవి.

జంషెడ్‌పూరులో టాటా–మెర్సిడెస్ బెంజ్ లారీల తయారీ 1954లో ఆరంభమైనది. ఆ ఇంజనుకు 6 సిలిండర్లు, 12 వాల్వులు, 12 రాకర్లు. మద్రాసులోని అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్‌గా మారినది. 1965లో భద్రాచలము వద్ద గోదావరిపై వంతెన తెరువబడగా, అడవి ప్రాంతమునకు లారీల బాట సుగమమైనది. ఆ దశకముననే విజయవాడలో ఆటోనగర్ ఏర్పడి, లారీల మరమ్మతులకు, విడిభాగములకు పెద్ద కేంద్రమైనది.

ఇప్పుడు ఒక లెక్క చేయుదము. ఇంజను నిమిషమునకు 1800 సార్లు తిరిగినచో, ఒక్కొక్క వాల్వు 900 సార్లు తెరచుకొనును. గంటకు 54,000 సార్లు. వైరా మీదుగా మూడు గంటల ప్రయాణములో ప్రతి రాకరు 1,62,000 సార్లు ఊగును. ఇంతటి ఊపులో వెంట్రుకవాసి దోషమైనను పెరిగి పెద్దదగును.

కావున రాకరు కొనునప్పుడు మొదట చూడవలసినది నిష్పత్తి. పాతదానిని, కొత్తదానిని పక్కపక్కన పెట్టి ఆధారమునుండి రెండు కొనల దూరములు కొలువవలెను. డీజిల్ ఇంజనులో పిస్టను పైకి వచ్చినప్పుడు వాల్వునకు, దానికి నడుమ సందు బహు స్వల్పము. వాల్వు ఎక్కువగా దిగినచో పిస్టను దానిని కొట్టును. కడ్డీలు వంగి, ఇంజను నడిరోడ్డున ఆగిపోవును. రెండవది నూనె రంధ్రము. బుష్షులోని రంధ్రము రాకరు రంధ్రముతో సరిగా కలియకున్నచో నూనె అందక రెండును అరిగిపోవును. మూడవది వాల్వును తాకు కొన. అది గట్టిపరచిన ఉక్కు కావలెను. బరువైన రాకరు మేలైనదను నమ్మకము సరికాదు. బరువు పెరిగినకొలది స్ప్రింగుకు దానిని మరల్చుట కష్టమగును.

రాకరు మార్చిన పిమ్మట ఫీలర్ గేజితో సందు సరిచూడవలెను. సందు చాలనిచో వాల్వు పూర్తిగా మూసుకొనదు. పొగ వాల్వు తన వేడిలో అధికభాగమును పీఠముపై ఆనినప్పుడే విడుచును. ఆనకున్నచో అంచు కాలిపోవును.

మూత విషయమున మెరుపు చూడరాదు. అంచు చదునుగా ఉన్నదా, ప్యాకింగు అంతటను ఆనుచున్నదా, లోపల రాకర్లకు తగిలకుండ ఎత్తు చాలునా, ఆవిరి పోవు గొట్టము పాతదాని వలె ఉన్నదా అని చూడవలెను. రేకు మూతను అతిగా బిగించినచో అంచు వంగి నూనె కారును. కారిన నూనె వేడి గొట్టములపై పడినచో నిప్పు భయము కూడ కలదు.

నేటి లారీలలో పెక్కింటికి సిలిండరుకు నాలుగేసి వాల్వులు ఉన్నవి. కొన్నిటికి మూతలు ప్లాస్టిక్కువి. అయినను ఏతపు సూత్రము మారలేదు. పాఠశాలలో ఒక కొలబద్దను పెన్సిలుపై నిలిపి, ఆధారమును అటునిటు జరిపి చూచిన విద్యార్థికి ఈ సంగతి వెంటనే బోధపడును: ఆధారము కొద్దిగా జరిగినచో కొన కదలిక ఎంతో మారును. ఆ కొద్ది తేడాను కొలిచి కొన్న మెకానిక్కు లారీని, దాని యజమాని పెట్టుబడిని, డ్రైవరు ఆనాటి కూలిని కాపాడినవాడగును.