కోతలకు లొంగని టెస్

దారి పొడవునా వాననీరు. ఆదివారం చర్చికి బయల్దేరిన నలుగురు పాలు పితికే అమ్మాయిలు ముస్తాబు పాడవుతుందని గట్టు మీదే ఆగిపోయారు. ఏంజెల్ క్లేర్ అనే యువకుడు వాళ్లను ఒక్కొక్కరినే ఎత్తుకుని అవతలికి దాటించాడు. ఆంగ్ల నవలాకారుడు థామస్ హార్డీ రాసింది ఇదీ. కానీ 1891లో లండన్ వారపత్రిక ‘గ్రాఫిక్’లో సీరియల్ చదివినవాళ్లకు ఈ దృశ్యం ఇలా కనిపించలేదు. పెళ్లికాని ఆడపిల్లలను పరాయి మగవాడు ఎత్తుకోవడం ఇంటిల్లిపాదీ చదివే పత్రికకు తగదన్నారు. దాంతో హార్డీ ఏంజెల్ చేతికి ఒంటిచక్రపు తోపుడుబండి ఇచ్చాడు. అమ్మాయిలు అందులో కూర్చుని నీళ్లు దాటారు.

ఆ నవల ‘టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్’. పేదింటి పిల్ల టెస్. కుటుంబానికి ఆధారమైన గుర్రం చనిపోయాక, బంధువులనుకున్న ధనికుల ఇంట పనికి వెళ్తుంది. అక్కడ ఆ ఇంటి కొడుకు అలెక్ చేతిలో చెడిపోయి, బిడ్డను కని పోగొట్టుకుంటుంది. తర్వాత ఏంజెల్‌ను ప్రేమించి పెళ్లాడుతుంది. తొలిరాత్రి అతను తన పాత తప్పు ముందుగా చెప్పుకుని క్షమాపణ పొందుతాడు. ఆమె తన కథ చెప్పగానే వదిలేసి వెళ్తాడు. చివరికి అలెక్‌ను చంపిన నేరానికి టెస్‌కు ఉరి పడుతుంది.

ఈ కథ పాఠకుల దాకా రావడమే ఒక కథ. బోల్టన్‌కు చెందిన టిలట్సన్ పత్రికా సంస్థ 1889లో సగం రాతప్రతి చూసి వెనక్కి తగ్గింది. ‘మర్రేస్ మ్యాగజైన్’, ‘మాక్మిలన్స్ మ్యాగజైన్’ కూడా వద్దన్నాయి. ‘గ్రాఫిక్’ ఒప్పుకుంది గానీ కోతలు తప్పలేదు. అలెక్ చేసిన దారుణం బదులు సీరియల్లో ఉత్తుత్తి పెళ్లి ఒకటి వచ్చి చేరింది. బిడ్డకు టెస్ తానే జ్ఞానస్నానం చేయించే ఘట్టం ఎగిరిపోయింది.

ఆ ఘట్టం ఎలాంటిదో చూడండి. బిడ్డ ప్రాణం పోయేలా ఉంది. పాస్టర్‌ను పిలవడానికి తండ్రి ఒప్పుకోడు. అర్ధరాత్రి టెస్ తమ్ముళ్లను, చెల్లెళ్లను నిద్రలేపి చుట్టూ మోకరిల్లమని చెప్పి, పసివాడి నుదుట తానే నీళ్లు చల్లి ‘సారో’ అని, అంటే దుఃఖం అని పేరు పెడుతుంది. తెల్లారేసరికి బిడ్డ పోతాడు. శ్మశానంలో తాగుబోతులను, ఆత్మహత్య చేసుకున్నవాళ్లను పాతిపెట్టే మూలనే వాడికీ చోటు. టెస్ రెండు చెక్కముక్కలతో శిలువ కట్టి, ఖాళీ మార్మలేడ్ జాడీలో పూలు పెట్టి వస్తుంది. హార్డీ ఈ భాగాన్ని ‘ఫోర్ట్‌నైట్లీ రివ్యూ’లో విడిగా అచ్చేయించాడు.

1891 చివర్లో నవల పుస్తకంగా వచ్చినప్పుడు కోసిన భాగాలు చాలావరకు తిరిగి చేరాయి. పైగా టెస్ పరిశుద్ధురాలని ఉపశీర్షికలోనే ప్రకటించాడు హార్డీ. అక్కడ అంటుకుంది మంట. పెళ్లికి ముందు బిడ్డను కని, చివరికి హత్య చేసిన మనిషి పరిశుద్ధురాలెలా అవుతుందని కొందరు మండిపడ్డారు. రాతప్రతిని తిప్పికొట్టిన ‘మాక్మిలన్స్’ సంపాదకుడు మౌబ్రే మోరిసే 1892లో ‘క్వార్టర్లీ రివ్యూ’లో పుస్తకాన్ని చీల్చి చెండాడాడు. ఇలాగైతే ఇక నవలలే రాయనని హార్డీ విసుక్కున్నాడు. రచయితలు హెన్రీ జేమ్స్, ఆర్.ఎల్. స్టీవెన్సన్ తమ ఉత్తరాల్లో ఈ నవలను ఎద్దేవా చేసుకున్నారు. కవి విలియం వాట్సన్ మాత్రం మనసారా మెచ్చుకున్నాడు.

విందుల్లోనూ ఇదే రచ్చ. అబర్‌కార్న్ డచెస్ తన అతిథులను రెండు జట్లుగా విడదీసేదట: టెస్‌కు ఉరి తగిన శాస్తే అన్నవాళ్లు ఒకవైపు, పాపం అమాయకురాలన్నవాళ్లు ఇంకోవైపు. హార్డీకి మరో రకం ఉత్తరాలూ వచ్చాయి. తమ గతమూ టెస్ గతం లాంటిదేనని, భర్తకు చెప్పాలా వద్దా అని స్త్రీలు ఆయన్నే సలహా అడిగారు. పత్రికలు ఏ పాఠకుల పేరు చెప్పి కత్తెర పట్టాయో, ఆ పాఠకుల ఇళ్లలోనే ఈ కథలున్నాయి.

ఇప్పటికీ పాఠకులకు ఏకాభిప్రాయం లేదు. టెస్ తలుపు కింద నుంచి తోసిన ఉత్తరం తివాచీ కిందకి పోయి, ఏంజెల్‌కు అందకపోవడం లాంటివి చదివి, విధి పేరుతో రచయితే ఆమెను వేటాడాడని విసుక్కునేవాళ్లున్నారు. అలెక్‌తో అడవిలో చిక్కుకున్న ఆ రాత్రి టెస్‌కు జరిగింది బలాత్కారమా, ప్రలోభమా అన్న వాదన ఆగలేదు. ఆ భాగాన్ని హార్డీ తర్వాతి ముద్రణల్లో దిద్దుతూ పోవడంతో చిక్కు ఇంకా పెరిగింది. అలెక్ కన్నా ఏంజెల్ మీదే ఎక్కువ కోపం వచ్చేవాళ్లూ తక్కువేం కాదు.

1895లో హార్డీ మరో నవల ‘జూడ్ ది అబ్‌స్క్యూర్’ మీద ఇంతకన్నా పెద్ద దుమారం రేగింది. వేక్‌ఫీల్డ్ బిషప్ ఆ పుస్తకాన్ని నిప్పుల్లో పడేశానని ప్రకటించాడు. ఆ తర్వాత హార్డీ కొత్త నవల రాయలేదు. 1928లో చనిపోయేదాకా కవిత్వానికే అంకితమయ్యాడు. పాఠకులు తట్టుకోలేరన్న సంపాదకుల అంచనా మాత్రం తప్పింది. తోపుడుబండి ఉన్న పాఠాన్ని ఇవాళ పరిశోధకులే తిరగేస్తారు. జనం కొని, చదివి, పోట్లాడుకుంటున్నది ఏంజెల్ అమ్మాయిలను ఎత్తుకుని దాటించిన నవల గురించే.