ఫీజు బకాయి పేరుతో కాలేజీ సర్టిఫికెట్లు ఆపొచ్చా? మీకున్న హక్కులివే

బీటెక్ పూర్తయింది. ఉద్యోగం వచ్చింది. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం కాలేజీలోనే ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము సర్కారు నుంచి రాలేదు కాబట్టి ఆ మొత్తం మీరే కట్టి తీసుకెళ్లండని యాజమాన్యాలు అంటున్నాయి. బహదూర్‌పురా లాంటి పాతబస్తీ ప్రాంతాల్లోని కుటుంబాలకు ఒకేసారి అంత డబ్బు తేవాలంటే అప్పు చేయక తప్పదు. ఇంతకీ ఈ బాకీ ఎవరిది?

పథకం ఎలా పనిచేస్తుంది?

ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో ఈ పథకం విస్తరించింది. బీసీ, మైనారిటీ విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయం పట్టణాల్లో రూ.2 లక్షలు, గ్రామాల్లో రూ.1.5 లక్షలు మించకూడదు. బహదూర్‌పురా జీహెచ్ఎంసీ ప్రాంతం కాబట్టి ఇక్కడ రూ.2 లక్షల పరిమితి వర్తిస్తుంది. ఈపాస్ వెబ్‌సైట్లో దరఖాస్తు చేయాలి. 75 శాతం హాజరు ఉండాలి. మంజూరయ్యాక ట్రెజరీ టోకెన్ ఇస్తుంది. అయితే టోకెన్ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. ఆర్థిక శాఖ నిధులు విడుదల చేసేదాకా ఆగాల్సిందే. బకాయిలు పేరుకుపోతున్నది ఇక్కడే.

రాజకీయ పోరు ఎక్కడ మొదలైంది?

రాష్ట్రం ఏర్పడిన వెంటనే 2014లో ప్రభుత్వం ఈ పథకం స్థానంలో ‘ఫాస్ట్’ తెచ్చింది. 1956 నాటి స్థానికతను ప్రామాణికంగా పెట్టడంతో వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. చివరకు 2015లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత ప్రభుత్వం మారినా బకాయిల సమస్య తీరలేదు. 2025 నవంబర్ 3 నుంచి ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్ పాటించాయి. అంతకుముందే కాలేజీల్లో విజిలెన్స్ తనిఖీలకు ప్రభుత్వం ఆదేశించడం వివాదమైంది. డిప్యూటీ సీఎం భట్టి విక్రమార్కతో చర్చల తర్వాత నవంబర్ 7న బంద్ విరమించారు.

చట్టం ఏమంటోంది?

ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని 2016 డిసెంబర్‌లో యూజీసీ స్పష్టం చేసింది. అడ్మిషన్ వేళ పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. సర్టిఫికెట్ అమ్ముకునే సరుకు కాదని, బాకీ కింద దాన్ని పట్టి ఉంచే హక్కు కాలేజీకి లేదని మద్రాస్ హైకోర్టు ఓ కేసులో చెప్పింది. తెలంగాణ హైకోర్టు కూడా పలు పిటిషన్లలో సర్టిఫికెట్లు ఇచ్చేయాలని ఆదేశించింది. బాకీ ఉంటే దాని వసూలుకు కాలేజీకి చట్టపరంగా వేరే దారులున్నాయి.

ఒక మెలిక ఉంది

10 వేలలోపు ర్యాంకు లేని బీసీ, మైనారిటీ ఇంజినీరింగ్ విద్యార్థికి ఏడాదికి గరిష్ఠంగా రూ.35 వేలే వస్తుంది. కాలేజీ ఫీజు అంతకన్నా ఎక్కువైతే మిగతాది విద్యార్థే కట్టాలి. అందుకే కాలేజీ అడుగుతున్న మొత్తంలో సర్కారు వాటా ఎంతో, మీ వాటా ఎంతో విడదీసి రాతపూర్వకంగా ఇవ్వమనండి.

ఏం చేయాలి?

* ఈపాస్‌లో మీ దరఖాస్తు స్టేటస్ చూసి ప్రింట్ తీసుకోండి.
* సర్టిఫికెట్లు ఇవ్వాలని ప్రిన్సిపల్‌కు లేఖ ఇచ్చి, కాపీపై సంతకం, ముద్ర వేయించుకోండి.
* స్పందన లేకుంటే యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్లో ఫిర్యాదు చేయండి.
* మైనారిటీ విద్యార్థులు జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారిని కలవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వొచ్చు.
* కోర్టుకు వెళ్లాలంటే పురానీ హవేలీలోని న్యాయసేవాధికార సంస్థను సంప్రదించండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. హెల్ప్‌లైన్ 15100.
* గత్యంతరం లేక డబ్బు కట్టాల్సి వస్తే ఏ ఏడాది ఫీజో రాయించి రసీదు తీసుకోండి. సర్కారు సొమ్ము కాలేజీకి చేరాక తిరిగి అడగడానికి అదే ఆధారం.