మంత్రసాని చేతికి న్యాయము

పూర్వము అల్వాలు వంటి పల్లెలలో పురుడు ఇంటనే జరుగుచుండెను, మంత్రసానియే దిక్కు. సూతికాజ్వరమునకు మలినహస్తము హేతువని ఆమె యెరుగదు. అంతమాత్రమున దోషమంతయు నామెపై మోపుట న్యాయము కాదు. వియన్నా ఆసుపత్రిలో మంత్రసానులు చూచు విభాగమునకంటె, శవపరీక్ష ముగించి వచ్చు వైద్యవిద్యార్థుల విభాగమునందే బాలింతలు మిక్కుటముగా మరణించుచుండిరి. 1847లో సెమ్మెల్‌వైస్ చేతులు కడిగించినంతనే మరణములు తగ్గెను. అయినను పలువురు వైద్యు లాతని మాట నమ్మరైరి.

మన దేశమున కాన్పు క్రమముగా ఆసుపత్రికి చేరినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 వాహనసేవ మొదలయ్యెను. తెలంగాణమున లక్ష సజీవజననములకు 2014-16లో 81గా నున్న మాతృమరణములు 2018-20 నాటికి 43కు దిగినవి. ఇది గొప్ప మేలు. కాని 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, ఈ రాష్ట్రమున నూటికి అరువది కాన్పులు శస్త్రచికిత్సచేతనే జరిగినవి. ప్రాణము కాపాడు కత్తి యవసరము లేనిచోట తల్లికి భారమే.

ఈ కొరత నెరిగియే 2017లో కరీంనగరమున నర్సులకు మంత్రసానివిద్య నేర్ప నారంభించిరి. 2022లో అల్వాలున పెద్ద యాసుపత్రికి శంకుస్థాపన జరిగినది. అందలి పురిటిగదిలో, శుచియు నోర్పును గల యీ స్త్రీలకు ముందుగా చోటీయవలెను.