సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో తీవ్ర నేరాల వర్గీకరణ, శిక్షలు

భారత శిక్షాస్మృతిలో ‘ఫెలొనీ’ అనే మాట లేదు. అమెరికా రాష్ట్రాలు పెద్ద నేరాలను ఆ పేరుతో, చిన్నవాటిని మిస్‌డిమీనర్ పేరుతో విడదీస్తాయి. ఈ విభజన పుట్టిన ఇంగ్లండే 1967లో దాన్ని రద్దు చేసుకుంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ దాని జోలికే పోలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితదీ అదే దారి. నేరం ఎంత పెద్దదో ఇక్కడ చెప్పేది సెక్షన్ నంబరు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల పోలీస్ స్టేషన్ల ముందు నిలబడ్డవాళ్లు మొదట అడిగే మాట కూడా “ఏం సెక్షన్ పెట్టిండ్రు?” అనే.

ఆ నంబర్లూ ఇక్కడ మరీ పాతవి కావు. సంగారెడ్డి నిజాం రాజ్యంలో భాగంగా ఉన్న రోజుల్లో హైదరాబాద్ సంస్థానానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. అందులో హత్య సెక్షన్ 243. పీనల్ కోడ్ 1951లో ఇక్కడికి వచ్చాకే ‘302’ జనం నోట పడింది. ఇప్పుడది 103 అయింది. ఊళ్లో మాత్రం ఇంకా 302గానే నడుస్తోంది.

వర్గీకరణ

అసలు వర్గీకరణ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో ఉంది. ప్రతి సెక్షన్‌కూ ఎదురుగా మూడు సంగతులు రాసి ఉంటాయి: వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చా, బెయిలు హక్కుగా దొరుకుతుందా, విచారణ ఏ కోర్టుది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు సాధారణంగా కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్; వాటిని సెషన్స్ కోర్టు విచారిస్తుంది. న్యాయ సంహితలో లేని ఇతర చట్టాల నేరాలకు షెడ్యూలు రెండో భాగం శిక్షాకాలాన్నే కొలబద్దగా పెట్టింది. ఏడేళ్లకు మించి శిక్ష ఉంటే సెషన్స్ కోర్టు. మూడు నుంచి ఏడేళ్లయితే నాన్‌బెయిలబులే కానీ మొదటి తరగతి మేజిస్ట్రేటు ముందుకు. మూడేళ్ల లోపయితే నాన్‌కాగ్నిజబుల్, బెయిలబుల్. ఫెలొనీకి దగ్గరి చుట్టం ఏదైనా మన దగ్గర ఉందంటే ఈ పట్టికే.

క్రిమినల్ చట్టం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది. పోలీసు శాఖ రాష్ట్రానిది. కాబట్టి రాష్ట్రాలకు సొంత చట్టాలూ ఉంటాయి. తెలంగాణ సొంతంగా వాడే ఆయుధాల్లో పేరుమోసినది 1986 నాటి పీడీ యాక్టు. నిజానికది శిక్ష కాదు. నేరం రుజువు కాకుండానే పన్నెండు నెలల వరకు నిర్బంధించే ముందస్తు చర్య. దాన్ని యథేచ్ఛగా ప్రయోగిస్తున్నారని 2023లో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులను తప్పుపట్టింది.

ఫ్యాక్టరీలో మరణం

ఈ ప్రాంతంలో సెక్షన్ బరువు తెలిసేది ఫ్యాక్టరీ మరణాల దగ్గరే. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో భారీ పేలుడు జరిగింది. మందు బిళ్లల్లో కలిపే సెల్యులోజ్ పొడిని తయారుచేసే ఫ్యాక్టరీ అది. 46 మంది మరణించారని, 8 మంది ఆచూకీ దొరకలేదని అధికారులు లెక్క తేల్చారు. (మృతదేహం దొరకనంత మాత్రాన నరహత్య కేసు వీగిపోదు.) బాధితుల్లో బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చిన వలస కార్మికులు చాలామంది. ఒక బాధిత కుటుంబం ఫిర్యాదుపై యాజమాన్యం మీద న్యాయ సంహిత 105, 110, 117 సెక్షన్ల కింద కేసు నమోదైంది.

ఇందులో కీలకం 105. హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య అది. చంపాలన్న ఉద్దేశం ఉంటే యావజ్జీవం, లేదా అయిదు నుంచి పదేళ్ల జైలు. ఉద్దేశం లేకపోయినా, తాను చేసే పని వల్ల ప్రాణం పోవచ్చని తెలిసీ చేస్తే పదేళ్ల వరకు. దాని పక్కనే ఉన్న 106 నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి సంబంధించినది. అయిదేళ్ల వరకు జైలు. అంకెల్లో ఒక్కటే తేడా, ఫలితంలో మాత్రం చాలా ఉంది. 105 నాన్‌బెయిలబుల్, సెషన్స్ కోర్టు కేసు. 106 బెయిలబుల్, మేజిస్ట్రేటు కేసు. పైగా 106లో అయిదేళ్లని రాసినా మొదటి తరగతి మేజిస్ట్రేటు వేయగలిగింది మూడేళ్లే. అది చాలదనిపిస్తే ఫైలును చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి.

‘తెలుసు’ అనే మాటను రుజువు చేయడం తేలిక కాదు. భోపాల్ యూనియన్ కార్బైడ్ కేసులో నిందితులపై మొదట మోపింది పాత పీనల్ కోడ్ 304లోని రెండో భాగం, అంటే పదేళ్ల నేరం. లోపాలున్న ప్లాంటును నడిపినంత మాత్రాన ప్రాణాలు పోతాయని తెలిసి చేసినట్లు కాదంటూ 1996లో సుప్రీంకోర్టు దాన్ని నిర్లక్ష్య మరణానికి సంబంధించిన 304ఏకు దించింది. 2010 జూన్ 7న పడ్డ శిక్ష రెండేళ్లు. అప్పటి చట్టంలో నిర్లక్ష్యానికి ఉన్న గరిష్ఠ శిక్ష అంతే. అయిదేళ్లకు పెంచింది న్యాయ సంహితే. అందుకే ఫ్యాక్టరీ కేసుల్లో పాత తనిఖీ నివేదికలు, మరమ్మతుల పుస్తకం, మిషన్ బాగాలేదని కార్మికులు ముందే చెప్పిన మాటలు ప్రాణాధారమవుతాయి. ప్రమాదం సంగతి యాజమాన్యానికి ముందే తెలుసని చూపగలిగేది అవే.

ఫ్యాక్టరీల చట్టం దారి వేరుగా ఉండేది. 1948 చట్టంలోని సెక్షన్ 92 కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు, జరిమానా లక్ష రూపాయలు ఉండేవి. ప్రమాదకర ప్రక్రియల నిబంధనలు ఉల్లంఘిస్తే 96ఏ కింద ఏడేళ్ల వరకు పడేది. ఫిర్యాదు ఇన్‌స్పెక్టరే చేయాల్సి ఉండేది, అదీ నేరం తన దృష్టికి వచ్చిన మూడు నెలల్లోగా. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమలవుతోంది. ఉల్లంఘన వల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం మృతుల వారసులకు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. ‘లేదా’ అన్న మాట ఉన్నంతకాలం జైలు తప్పనిసరి కాదు.

మత్తు పదార్థాలు

మత్తు పదార్థాల కేసుల్లో నేరం తూకంలో తేలుతుంది. కల్లులో కలిపే ఆల్ప్రజోలం తయారీ కేసులు ఈ జిల్లాలో పలుమార్లు బయటపడ్డాయి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఆల్ప్రజోలం 5 గ్రాముల వరకు చిన్న పరిమాణం, ఏడాది వరకు జైలు. 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, పది నుంచి ఇరవై ఏళ్ల కఠిన కారాగారం. మధ్యలో ఉంటే పదేళ్ల వరకు. జహీరాబాద్ మీదుగా మహారాష్ట్ర వైపు తరలే గంజాయికైతే ఆ హద్దులు 1 కిలో, 20 కిలోలు. మత్తుమందులో వేరే పదార్థం కలిసి ఉంటే మొత్తం మిశ్రమాన్నే తూచాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. వాణిజ్య పరిమాణమైతే, నిందితుడు దోషి కాడని నమ్మే ఆధారం కోర్టుకు కనిపిస్తేనే బెయిలు.

కాలుష్యం

ఈ ప్రాంతంలోని నక్కవాగు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అప్పటి నుంచి పటాన్‌చెరు, బొల్లారం పేర్లు దేశంలోని పర్యావరణ కేసుల చరిత్రలో నిలిచిపోయాయి. ఆ రోజుల్లో 1986 పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే అయిదేళ్ల వరకు జైలు ఉండేది. జన్ విశ్వాస్ చట్టం ద్వారా 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ జైలు శిక్ష పోయింది. దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానా వచ్చింది. దాన్ని నిర్ణయించేది కోర్టు కాదు, ప్రభుత్వం నియమించిన అధికారి. ఆ జరిమానాను 90 రోజుల్లో కట్టకపోతేనే జైలు మాట మళ్లీ వస్తుంది.