పేరు చెక్కిన వాద్యం

స్టీల్ గిటారు అనగానే అదేదో మన వంటింటి గిన్నెల్లా స్టీలుతో చేసిన గిటారు కాబోలనుకుంటారు చాలామంది. కాదండీ. వాయించేవాళ్ళు ఎడమచేతిలో పట్టుకునే చిన్న ఉక్కు కడ్డీ ఉంటుంది. ఆ పేరు దాన్ని బట్టి వచ్చింది. గిటారును వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేత్తో మీటుతూ, ఆ కడ్డీని తీగలమీద అటూ ఇటూ జారుస్తారు. మెట్లమీద ఆగి ఆగి నడవడం ఉండదు. ఒక స్వరంలోంచి ఇంకో స్వరంలోకి నూనె మీద నడిచినట్టు జారిపోవడమే. మన గోటువాద్యం విన్నవాళ్ళకి ఈ జారు కొత్తేమీ కాదు. అందులోనూ మెట్లుండవు, తీగలమీద నున్నటి కర్రముక్కే ప్రయాణం చేస్తుంది.

ఈ పద్ధతి పుట్టినచోటు హవాయి దీవులు. 1889 ప్రాంతంలో జోసెఫ్ కెకుకు అనే బడికుర్రాడు గిటారు తీగలమీద ఇనుపముక్క జార్చి చూశాడని, అలా మొదలైందని చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌తో అమెరికా అంతా ఈ సంగీతం వెర్రిలో పడింది. అక్కణ్ణుంచి మనదేశానికీ వచ్చింది. టౌ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా 1940లలో కలకత్తాలో ఉన్నాడు. బెంగాలీలకి హవాయి గిటారు అంటే అంత ప్రాణం కావడంలో అతని చెయ్యీ ఉంది. రేడియోలో సినిమాపాటని మాటల్లేకుండా సాగదీసి సాగదీసి వినిపించే గిటారు గుర్తుందా? అదే ఇది.

ఇంత హాయిగా పలికే వాద్యానికీ ఒక చిక్కుంది. కడ్డీ తిన్ననిది. తీగలన్నింటి మీదా ఒకేసారి ఆనుతుంది. కాబట్టి జరిపితే అన్ని స్వరాలూ కలిసికట్టుగా జరగాల్సిందే. ఒకటి నిలబడి రెండోది కదలడం కుదరదు. పాశ్చాత్య సంగీతంలో మూడు నాలుగు స్వరాలు ఒక్కసారి మోగాలి, వాటి కూర్పు పాట పొడుగునా మారుతుండాలి. కడ్డీని ఏటవాలుగా పెట్టి కొంత సర్దుకునేవాళ్ళు. అదీ చాలక ఒకే పెట్టెకి రెండు, మూడు, నాలుగు వరసల తీగలు బిగించి, ఒక్కో వరసకి ఒక్కో శ్రుతి చేసుకునేవాళ్ళు. ఈ కూరకి ఈ పొయ్యి, ఆ పులుసుకి ఆ పొయ్యి అన్నట్టు!

చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు మిగిలింది కాలే కదా. కుట్టుమిషను తొక్కిన ఏ ఆడదానికైనా ఈ ఆలోచన రావడానికి అట్టే సేపు పట్టదు. కాలికింద పెడల్, దానికో కమ్మీ, కమ్మీ చివర తీగని పట్టుకున్న మీట. తొక్కితే తీగ బిగుసుకుని స్వరం పైకెక్కుతుంది. వదిలేస్తే మళ్ళీ తన చోటికి దిగుతుంది. గిబ్సన్ అనే పెద్ద కంపెనీ 1940 ప్రాంతంలోనే అలాంటి వాద్యం తయారుచేసింది. కాని ఇవాళ్టికీ స్టీల్ గిటారు వాయించేవాళ్ళు గొంతు తగ్గించి, కాస్త భక్తిగా పలికే పేరు గిబ్సన్ కాదు. బయటివాళ్ళకి పెద్దగా తెలియని పేరు అది. బిగ్స్‌బీ.

పాల్ బిగ్స్‌బీ 1899లో పుట్టాడు. సంగీతజ్ఞుడేమీ కాదు, మోటారు సైకిళ్ళ మనిషి. వయసులో ఉన్నప్పుడు పందేల్లో పాల్గొన్నాడు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో క్రాకర్ అనే చిన్న మోటారు సైకిళ్ళ కంపెనీలో పనిచేశాడు. అతని అసలు విద్య అచ్చులు చెయ్యడం. ఇనుముగాని అల్యూమినియంగాని కరిగించి పోతపొయ్యాలంటే ముందు ఆ భాగాన్ని అచ్చం అలాగే చెక్కతో చెయ్యాలి. మన స్థపతులు పంచలోహ విగ్రహానికి ముందు మైనంతో రూపం తీర్చుకుంటారే, ఆ బాపతు పనే. వెంట్రుకవాసి తేడా వచ్చినా పనికిరాదు. ఇలాంటివాడికి సాయంత్రాలు పాటకచేరీలు వినే సరదా ఉంటే ఏమవుతుంది? వేదికమీద వాద్యాన్ని చూసి, ఇంతకంటే బాగా నేను చెయ్యగలను అనిపిస్తుంది. బిగ్స్‌బీకి అలాగే అనిపించింది. డౌనీ అనే ఊళ్ళో తన ఇంటి వెనకే చిన్న వర్క్‌షాపు పెట్టుకుని, దాదాపు ఒంటిచేత్తో స్టీల్ గిటార్లు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో గొప్పవాడనిపించుకున్న వాకీన్ మర్ఫీ మొదట్లో చేయించుకున్నవాళ్ళలో ఒకడు.

1948లో స్పీడీ వెస్ట్ అనే పాతికేళ్ళయినా నిండని యువకుడికి బిగ్స్‌బీ మూడు వరసల తీగలు, నాలుగు పెడల్స్ ఉన్న వాద్యం చేసిచ్చాడు. స్పీడీ అంటే వేగంగలవాడని. పేరుకి తగ్గట్టే వాయించేవాడు. కడ్డీని తీగలమీద దబదబా కొట్టేవాడు, గిర్రున తోసేవాడు, రాకెట్టు లేచినట్టు, గ్లాసులు పగిలినట్టు శబ్దాలు తెప్పించేవాడు. జిమ్మీ బ్రయంట్ అనే గిటారిస్టుతో కలిసి అతను ఇచ్చిన రికార్డులు వింటే ఇద్దరు అల్లరి పిల్లలు మేడమెట్లమీద ఒకరినొకరు తరుముకుంటున్నట్టుంటుంది. 1981లో పక్షవాతం వచ్చి అతని వాయింపు ఆగిపోయింది. 2003లో కన్నుమూశాడు.

ఆ వాద్యం ముందుపలక మీద, జనానికి ఎదురుగా కనిపించేటట్టు, పెద్దపెద్ద అక్షరాల్లో "స్పీడీ వెస్ట్" అని ఉంటుంది. చేసినవాడి పేరు కాదు, చేయించుకున్నవాడి పేరు! నాకు ఈ కథలో అన్నింటికంటే నచ్చిన సంగతి ఇదే. మన ఇళ్ళలో పెళ్ళికి సారె గిన్నెలు కొన్నప్పుడు అంచుల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టిస్తాం చూడండి. ఆ గిన్నె బజార్లో ఉన్న వంద గిన్నెల్లో ఒకటి అయినా, పేరు పడ్డ క్షణంనుంచీ వేరే అయిపోతుంది. బిగ్స్‌బీ వాద్యానికి ఆ వంద గిన్నెలు కూడా లేవు. కంసాలిని కూర్చోబెట్టి చేయించుకున్న నగలాంటిది. ఎన్ని వరసలు కావాలి, ఎన్ని పెడల్స్, ఏ తీగని ఏ పెడల్ లాగాలి... అంతా వాయించే మనిషిని అడిగి, అతని కాలికీ చేతికీ సరిపడేటట్టు చేసేవాడు. అందమైన చుక్కలు తేలే గట్టి మేపుల్ చెక్క, తనే పోతపోసి అద్దంలా మెరుగుపెట్టిన అల్యూమినియం భాగాలు, తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్పులు కూడా తను చుట్టుకున్నవే. స్వరం ఎలా ఉంటుందంటే గాజుగిన్నె అంచు మీద చెంచాతో తట్టినంత స్పష్టంగా ఉంటుంది. అయినా గాజులా పలచగా ఉండదు. ఒక్కో తీగా విడివిడిగా వినిపిస్తుంది.

అయితే ఒక్క స్వరం బాగుండటం వల్లనే చరిత్రలోకి ఎక్కలేదు. దానికి బడ్ ఐజాక్స్ రావాలి.

అప్పటిదాకా పెడల్ ఉన్నవాళ్ళు దాన్ని ఎలా వాడేవాళ్ళంటే... ముందు తొక్కి శ్రుతి మార్చుకుని, ఆ తర్వాత మీటేవాళ్ళు. అంటే తెరవెనక సర్దుడు అన్నమాట. స్వరం మోగుతున్నప్పుడు పెడల్ కదిలితే తప్పుగా భావించేవాళ్ళు. 1953 నవంబరు చివర నాష్‌విల్‌లో వెబ్ పియర్స్ అనే గాయకుడు "స్లోలీ" అనే పాట రికార్డు చేస్తుంటే, ఐజాక్స్ తన రెండు వరసల బిగ్స్‌బీ మీద తీగలు మీటి, అవి మోగుతూ ఉండగానే పెడల్ తొక్కాడు. రెండు స్వరాలు మెల్లిగా పైకి వంగాయి, మూడోది కదలకుండా అక్కడే ఉండిపోయింది. మన హారతి పాటల్లో అందరూ ఒకే స్వరం పాడతారు గాని, ముగ్గురు అక్కచెల్లెళ్ళు మూడు స్వరాల్లో పాడుతున్నారనుకోండి. పెద్దామె ఉన్నచోటే ఉండగా చిన్నవాళ్ళిద్దరూ ఊపిరి తియ్యకుండా ఒక మెట్టు ఎక్కితే ఎలా ఉంటుంది? కడ్డీతో ఎంత జార్చినా రానిది అదే. ఏడుపు గొంతులోంచి పైకి తన్నుకొచ్చినట్టుంటుంది. కంట్రీ పాటల్లో గిటారు ఏడుస్తుందని ఇప్పుడు అందరూ అనే మాట ఆ ఒక్క పాదం కదలికతో ఊపందుకుంది.

1954లో విడుదలైన ఆ పాట అమెరికా కంట్రీ పాటల జాబితాలో 17 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఇక చూసుకోండి, దేశంలో ఉన్న స్టీల్ గిటారు వాళ్ళందరికీ నిద్ర పట్టలేదు. ఆ శబ్దం ఎలా వచ్చిందని ఒకటే ఆరా. ఇండియానాలో పుట్టిన పదిహేడేళ్ళ కుర్రాడు బడ్డీ ఎమ్మన్స్ కూడా ఒక బిగ్స్‌బీ సంపాదించాడు. తర్వాతి రోజుల్లో ఈ వాద్యానికి అతన్ని మించినవాడు లేడనిపించుకున్నాడు.

మగవాళ్ళ పేర్లే చెబుతోంది ఈవిడ అనుకుంటున్నారేమో. 1950లలో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో "టౌన్ హాల్ పార్టీ" అనే టెలివిజన్ కార్యక్రమం వచ్చేది. అందులో బిగ్స్‌బీ ముందు కూర్చుని, చక్కగా జుట్టు దువ్వుకుని, నవ్వు చెదరకుండా వాయించే ఆమె పేరు మేరియన్ హాల్. చేతులు రెండు, కాళ్ళు రెండు నాలుగు రకాల పనులు చేస్తుంటే ముఖంలో మాత్రం ఏమీ కనిపించకూడదు. ఈ విద్య ఆడవాళ్ళకి ఒకరు నేర్పాలా అనిపిస్తుంది నాకు. తర్వాతి తరంలో బార్బరా మాండ్రెల్ చిన్నప్పుడే నార్మన్ హామ్లెట్ దగ్గర స్టీల్ నేర్చుకుని, పదకొండేళ్ళకే లాస్ వేగస్‌లో వాయించింది. 1980, 1981 వరసగా రెండేళ్ళు కంట్రీ సంగీతసంఘంవారి అతి పెద్ద బహుమతి ఆమెకే వచ్చింది.

ఇంత పేరు వచ్చాక బిగ్స్‌బీ ఏం చెయ్యాలి? పదిమందిని పెట్టుకుని, ఫ్యాక్టరీ కట్టి, నెలకి వంద వాద్యాలు తియ్యాలి. లోకం తీరు అది. ఆయన అలా చెయ్యలేదు. ఒకదాని తర్వాత ఒకటే చేశాడు. వాద్యం కావాలన్నవాళ్ళు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి కాచుకోవాల్సి వచ్చేది. పొట్టకూటికి వాయించేవాడు అంతకాలం ఎక్కడ ఆగుతాడు? ఆ పక్కనే, ఫుల్లర్టన్‌లో, లియో ఫెండర్ అనే మరో తెలివైనవాడు ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. 1957కల్లా ఆ కంపెనీ పెడల్ స్టీల్ గిటారు దుకాణాల్లోకి వచ్చేసింది. అదే ఏడు ఎమ్మన్స్, షాట్ జాక్సన్ కలిసి నాష్‌విల్‌లో షో-బడ్ పేరుతో వాద్యాలు మొదలుపెట్టారు. వాయించేవాళ్ళు అటు మళ్ళారు. వాళ్ళని తప్పుపట్టడానికి ఏముంది?

ఈలోగా బిగ్స్‌బీనే వేరే దారి పట్టించిన సంఘటన ఒకటి ఉంది. స్నేహితుడు మెర్ల్ ట్రావిస్ గిటారుకి స్వరాన్ని వణికించే మీట ఒకటి ఉండేది. అది కదిపితే శ్రుతి తప్పేది. బాగుచెయ్యమని తెచ్చిస్తే, బిగ్స్‌బీ దాంతో కుస్తీపట్టి, చివరికి అది పక్కన పడేసి కొత్తది తనే చేశాడు. ఆ మీట అందరికీ నచ్చింది. పెద్ద కంపెనీలన్నీ తమ గిటార్లకి అదే బిగించుకున్నాయి. చిన్న మీట, చెయ్యడం తేలిక, అమ్మకం ఎక్కువ. క్రమంగా వాద్యాలు తగ్గి మీటలే మిగిలాయి. 1960ల నడుమ ఆయన వ్యాపారం అమ్మేసి, 1968లో పోయాడు.

నిజం చెప్పాలంటే ఇప్పటి పెడల్ స్టీల్ గిటార్లు బిగ్స్‌బీ కంటే ఎన్నో విధాల మెరుగైనవి. వరసకి పది తీగలు, మోకాళ్ళతో కదిపే మీటలు, తేలికపాటి యంత్రాంగం. పాత బిగ్స్‌బీకి ఎనిమిది తీగలే, పెడల్స్ తక్కువ, మోసుకెళ్ళడం ఒక ప్రాణాంతకం. పైగా అది ఎవరో ఒకరి కాలికి, ఒకరి ఇష్టానికి కుదిర్చింది. కొన్నవాడు ఆ మొదటి మనిషి అలవాట్లకి తను ఒదగాలి. అత్తగారి వంటింట్లోకి అడుగుపెట్టిన కోడలి పరిస్థితి అనుకోండి. డబ్బాలన్నీ ఆవిడ చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి! ఇవన్నీ తెలిసే మోజుపడతారు. అలా వంకలు చెబుతూనే ఎవరికీ ఇవ్వమనేవాళ్ళని మనమూ ఎరుగుదుం కదా, పాత ఇత్తడి బిందెల విషయంలో.

బిగ్స్‌బీ అనే పేరు ఆ తర్వాత రెండు మూడు చేతులు మారి, 2019లో ఎవరి చేతికి వచ్చిందో తెలుసా? ఫెండర్ కంపెనీకి. ఆగలేనివాళ్ళు వెళ్ళి కొనుక్కున్న ఆ కంపెనీకే. ఆ పేరుతో ఇప్పటికీ మీటలు వస్తున్నాయి. స్టీల్ గిటార్లు మాత్రం ఆయన చేసినన్నే ఉన్నాయి. ఎక్కడో ఒకటి మ్యూజియంలో చేరుతుంది, ఎక్కడో ఒకటి ఇంకా కచేరీకి వెళుతుంది. అలా వెళ్ళేవాటిలో కొన్నిటి ముందుపలక మీద, వాయిస్తున్న మనిషికి అడ్డంగా, జనంవైపు తిరిగి, ఎప్పుడో పోయిన ఇంకొకరి పేరు అలాగే ఉంటుంది.